కానాక్ వెళ్లి అడగండి: నాటో మండలికి ఒక నిర్వాసితుడి బహిరంగ లేఖ

నాటో ఉత్తర అట్లాంటిక్ మండలిలోని 32 సభ్యదేశాల ప్రతినిధులకు,

నమస్కారం.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. మా బడిలో ఒక పాత గ్లోబు ఉండేది. పటం మీద చూస్తే రష్యాకు, అమెరికాకు మధ్య మహాసముద్రాలు పరుచుకుని కనిపిస్తాయి కదా, అందుకని పిల్లలకు ఒక పని చెప్పేవాణ్ణి. ఒక దారం తీసుకుని ఒక కొస మూర్మాన్స్క్ మీద, రెండో కొస వాషింగ్టన్ మీద పెట్టి బిగించి లాగమనేవాణ్ణి. దారం అట్లాంటిక్ మధ్యలోంచి పోయేది కాదు. ఉత్తరానికి వంగి, గ్రీన్‌లాండ్ మంచు మీదుగా వెళ్లేది. క్షిపణికైనా, బాంబర్ విమానానికైనా అదే దగ్గరి దారి. ఆ దారం కింద ఎవరైనా ఉంటారా మాస్టారూ అని ఏటా ఎవరో ఒక పిల్లవాడు అడిగేవాడు. డెన్మార్క్ రాజ్యంలో భాగమైన ఆ గ్రీన్‌లాండ్‌ను తాము తీసుకుంటామని మీలో ఒకటైన అమెరికా అన్నది కనుక, ఆ ప్రశ్నను మీ ముందు పెట్టడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఎక్కడో కృష్ణా తీరపు మనిషికి ఉత్తర ధ్రువంతో పనేమిటని మీకు అనిపించవచ్చు. అందుకు కారణం మా ఊరు. కృష్ణ ఒడ్డున ఉండేది. నా చిన్నతనంలో ఒక జలాశయం కింద మునిగిపోయింది. మునగడానికి కొన్నేళ్ల ముందే అది పటంలో ముంపు గ్రామం అయింది. సర్వే వాళ్లు వచ్చి ఇంటి గోడల మీద ఎర్ర రంగుతో అంకెలు వేశారు. పెరట్లో చింతచెట్టుకు వెల కట్టారు. మా అమ్మమ్మ ఆ కాగితం చదివించుకుని, చెట్టు అమ్ముతామని వీళ్లతో ఎవరు చెప్పారు అని అడిగింది. సమాధానం చెప్పేవాళ్లు అక్కడ లేరు. ఖాళీ చేసిన రోజున నాన్న గోడ పగలగొట్టి ద్వారబంధాన్ని ఊడదీశాడు. అమ్మ గడపకు ఆఖరిసారి పసుపు రాసింది. లారీ మీద బియ్యం బస్తాల పక్కన ఆ ద్వారబంధం, దాని మీద ఇంకా ఆరని పసుపు. కొత్త కాలనీలో కట్టుకున్న గోడ ఎత్తు చాలక దాన్ని కోయాల్సి వచ్చింది. ఇప్పటికీ మా ఇంటికి వచ్చేవాళ్లు తల వంచుకునే లోపలికి వస్తారు.

ఇంత సొంత గోడు మీకు చెప్పడానికి కారణం 1953లో గ్రీన్‌లాండ్ వాయవ్య తీరంలో జరిగిన సంగతి. పిటుఫిక్ అనే చోట ఇనుఘుయిట్ అనే ఆదివాసీ వేటగాళ్లు ఉండేవారు. సీలు, వాల్రస్, నక్క, ధ్రువపు ఎలుగు వాళ్ల బతుకు. 1951 ఏప్రిల్ 27న అమెరికా, డెన్మార్క్ రక్షణ ఒప్పందం చేసుకున్నాయి. ఆ వెంటనే అక్కడ తూలే వైమానిక స్థావరం లేచింది. విమానాల మోత, మనుషుల రద్దీతో వేట చెడింది. 1953 మే నెలలో స్థావరానికి విమాన విధ్వంసక తుపాకులు కావాలన్నారు, అందుకు ఊరు అడ్డమన్నారు. 27 కుటుంబాలు, 116 మంది. నాలుగు రోజులు గడువు ఇచ్చారు. కుక్కలు లాగే స్లెడ్జి బండ్ల మీద సామాను వేసుకుని, వందకు పైగా కిలోమీటర్లు ఉత్తరాన ఉన్న కానాక్‌కు వెళ్లారు. అక్కడ ఇళ్లు ఇంకా కట్టలేదు. ఆ వేసవంతా గుడారాల్లోనే ఉన్నారు.

వాళ్లు ఇష్టపడే కదిలారని డెన్మార్క్ ప్రభుత్వం దశాబ్దాల పాటు చెప్పింది. అది బలవంతపు తరలింపేనని 1999లో డెన్మార్క్ హైకోర్టు తేల్చింది, ప్రధాని క్షమాపణ చెప్పారు. సమాజానికంతటికీ కలిపి 5 లక్షల క్రోనర్లు, వ్యక్తులకు ఇంకొంత పరిహారం వచ్చింది. తిరిగి వెళ్లే హక్కు మాత్రం రాలేదు. 2003లో డెన్మార్క్ సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది. పరిహారం అన్న మాట నాకు తెలుసు. మా ఊరివాళ్లు దాని కోసం ఆఫీసుల వరండాల్లో ముసలివాళ్లయ్యారు.

తర్వాత జరిగినదానిని కూడా గుర్తు చేయక తప్పదు. 1968 జనవరి 21న నాలుగు హైడ్రోజన్ బాంబులు మోస్తున్న అమెరికా బి-52 విమానం ఆ స్థావరానికి దగ్గర్లో సముద్రపు మంచు మీద కూలిపోయింది. బాంబుల్లోని సాధారణ పేలుడు పదార్థం పేలి ప్లుటోనియం మంచు మీద చెదిరింది. తన గడ్డ మీద అణ్వాయుధాలు ఉండరాదని డెన్మార్క్ అప్పటికి పదేళ్లకు పైగా బహిరంగంగా చెబుతోంది. చీకటి నెలల్లో, గడ్డకట్టే చలిలో ఆ మంచును తవ్వి ఎత్తినవాళ్లలో డెన్మార్క్ కార్మికులు, గ్రీన్‌లాండ్ మనుషులు ఉన్నారు. ఆ చుట్టుపక్కల సీలు మాంసం తిని బతికేవాళ్లు కానాక్‌లో ఉన్నారు. విమానం వస్తున్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అందులో ఏముందో అసలే చెప్పలేదు.

రష్యా అంటే మీకున్న భయం కల్పితమని నేను అనడం లేదు. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదికి సైన్యాన్ని నడిపింది. రష్యాతో 1,340 కిలోమీటర్ల సరిహద్దు ఉండి కూడా దశాబ్దాల పాటు ఏ సైనిక కూటమిలోనూ చేరని ఫిన్లాండ్ 2023 ఏప్రిల్ 4న మీతో చేరింది. రెండు వందల ఏళ్లుగా యుద్ధానికి దూరంగా ఉన్న స్వీడన్ 2024 మార్చి 7న చేరింది. కోలా ద్వీపకల్పంలో రష్యా ఉత్తర నౌకాదళం ఉంది, అణుక్షిపణులు మోసే జలాంతర్గాములు అక్కడే ఉంటాయి. అవి అట్లాంటిక్‌లోకి రావాలంటే గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, బ్రిటన్ల మధ్య సందుల్లోంచి రావాలి. ఆ సందులను కాపు కాయాలని సైనికాధికారులు అనుకోవడంలో తప్పు లేదు. పొరుగింట్లో కత్తి నూరుతున్న చప్పుడు వింటూ తలుపు గడియ పెట్టుకోవద్దని ఎవరినీ అనలేం.

అయితే ఆ గడియ పెట్టడానికి గ్రీన్‌లాండ్‌ను కొనాల్సిన అవసరం అమెరికాకు ఎందుకు వచ్చింది? 1951 ఒప్పందం ఈనాటికీ అమల్లో ఉంది. దాని కింద అమెరికాకు గ్రీన్‌లాండ్‌లో స్థావరాలు నడుపుకునే వెసులుబాటు ఎంతో ఉంది. శీతల యుద్ధ కాలంలో అక్కడ వేలమంది అమెరికా సైనికులు ఉండేవారు. ఇప్పుడు పిటుఫిక్ స్థావరమని పిలిచే ఆ తూలేలో రెండు వందల మంది అమెరికా సైనికులు కూడా లేరు. తగ్గించుకున్నది అమెరికాయే, పొమ్మని డెన్మార్క్ అనలేదు. 2004లో ఇగలికులో చేసిన సవరణ ప్రకారం, స్థావరాల్లో పెద్ద మార్పు చేసే ముందు డెన్మార్క్‌తో పాటు గ్రీన్‌లాండ్ ప్రభుత్వాన్నీ సంప్రదించాలి. కొత్త రాడారు కావాలంటే అడగడానికి దారి ఉంది. ఆ దారి ఉండగా గోడ దూకుతామన్న బెదిరింపు మీ కూటమి లోపలి నుంచే వచ్చింది.

గ్రీన్‌లాండ్‌కు వెల కట్టడం కొత్తేమీ కాదు. 1946లో అమెరికాలోని ట్రూమన్ ప్రభుత్వం పది కోట్ల డాలర్ల బంగారం ఇస్తామంది. అంతకు ముందు, 1917లో, కరేబియన్‌లోని డెన్మార్క్ దీవులను అమెరికా రెండున్నర కోట్ల డాలర్ల బంగారానికి కొన్నది. ఆ అమ్మకం మీద డెన్మార్క్‌లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, ఆ దీవుల మనుషులకు మాత్రం అందులో ఓటు లేదు. ఆ బేరం కుదిరేటప్పుడే, గ్రీన్‌లాండ్ అంతటి మీదా డెన్మార్క్ తన అధికారాన్ని విస్తరించుకోవడానికి తమకు అభ్యంతరం లేదని అమెరికా రాతపూర్వకంగా చెప్పింది. వందేళ్ల కిందట ఇచ్చిన ఆ మాటకు ఇప్పుడు విలువ లేదా అని మీ సమావేశాల్లో ఎవరైనా అడిగారో లేదో.

2025 జనవరిలో గ్రీన్‌లాండ్‌లో జరిగిన అభిప్రాయ సేకరణలో 85 శాతం మంది అమెరికాలో కలవడం ఇష్టం లేదన్నారు. మార్చి 11న ఎన్నికలు జరిగాయి. మార్చి 28న పార్లమెంటులోని ఐదు పార్టీల్లో నాలుగు కలిసి యెన్స్-ఫ్రెడరిక్ నీల్సన్ నాయకత్వంలో ప్రభుత్వం ఏర్పరిచాయి. ఆ రోజే అమెరికా ఉపాధ్యక్షుడు పిటుఫిక్ స్థావరంలో దిగారు. 2026 జనవరిలో, గ్రీన్‌లాండ్ విషయంలో డెన్మార్క్‌తో సహా, దాని పక్షాన నిలిచిన మొత్తం ఎనిమిది ఐరోపా దేశాల సరుకుల మీద ఫిబ్రవరి 1 నుంచి పది శాతం సుంకం వేస్తామని అమెరికా అధ్యక్షుడు ప్రకటించారు. కొద్ది రోజుల్లోనే దావోస్‌లో మీ సెక్రటరీ జనరల్ మార్క్ రుట్టేతో మాట్లాడి, ఒప్పందానికి ఒక చట్రం కుదిరిందని చెప్పి ఆ సుంకాన్ని విరమించుకున్నారు. బలప్రయోగం చేయబోమని కూడా అన్నారు. సంతోషమే. కానీ ఆ మాటలు ఇద్దరి మధ్య జరిగాయి. చట్రం ఎవరి ఇంటికో ఆ ఇంటివాళ్లు అక్కడ లేరు.

ఒకరి మీద దాడి అందరి మీదా దాడేనన్న మీ ఒప్పందంలోని ఐదో అధికరణను ఇన్ని దశాబ్దాల్లో ఒక్కసారే ప్రయోగించారు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత, అమెరికా కోసం. ఆ పిలుపు తర్వాత అఫ్ఘానిస్థాన్ వెళ్లిన డెన్మార్క్ సైనికుల్లో నలభై మందికి పైగా తిరిగి రాలేదు. అప్పటికి అరవై లక్షల జనాభా కూడా లేని దేశమది. ఆ ఇళ్లలో తల్లులు ఈ కొనుగోలు మాటలు విని ఏమనుకుని ఉంటారో మీరు ఒక్క నిమిషం ఆలోచించారా? రేపు బాల్టిక్ తీరంలో ఏ చిన్న దేశమైనా ఆపదలో పడితే, దాని పౌరులకు 2026 జనవరి గుర్తు రాదా? మీ బలం ఎన్ని విమానాలు ఉన్నాయన్న లెక్కలో కంటే, పిలిస్తే వస్తారన్న నమ్మకంలో ఎక్కువగా ఉంది. ఆ నమ్మకానికి బీట పడటాన్ని మాస్కోలో జాగ్రత్తగా చూస్తూనే ఉంటారు.

డెన్మార్క్‌ను నేను వెనకేసుకు రావడం లేదు. 1953 వరకు గ్రీన్‌లాండ్ దానికి వలస. 1960, 70 దశకాల్లో వేలమంది గ్రీన్‌లాండ్ స్త్రీలకు, చిన్న వయసు ఆడపిల్లలకు కూడా, సమ్మతి లేకుండా గర్భనిరోధక సాధనాలు అమర్చారు. దానికి డెన్మార్క్ ప్రధాని క్షమాపణ చెప్పింది 2025లో. అలాంటి గతం ఉన్నా, 2009 స్వపరిపాలన చట్టంలో గ్రీన్‌లాండ్ వాసులను స్వయంనిర్ణయ హక్కు గల ప్రజగా డెన్మార్క్ గుర్తించింది. విడిపోవాలనుకుంటే ఎలా విడిపోవాలో కూడా ఆ చట్టంలో రాసి ఉంది. 2024లో గ్రీన్‌లాండ్ ప్రభుత్వం తన విదేశాంగ, రక్షణ విధానాన్ని ప్రకటించింది. మమ్మల్ని పక్కన పెట్టి మా గురించి ఏదీ వద్దు అన్నదే దాని సారం. మా అమ్మమ్మ చింతచెట్టు కింద నిలబడి అడిగింది కూడా అదే.

ఇక రెండో సంగతి. 1995 జనవరి 25న నార్వేలోని ఆండోయా దీవి నుంచి శాస్త్రవేత్తలు ఒక రాకెట్టును పంపారు. ఉత్తర ధ్రువ జ్యోతులను పరిశీలించడానికి. రష్యాతో సహా పలు దేశాలకు వారాల ముందే సమాచారం ఇచ్చారు. మాస్కోకు చేరిన ఆ కాగితం రాడారు ముందు కూర్చున్నవాళ్ల దాకా రాలేదు. తెర మీద వాళ్లకు కనిపించింది జలాంతర్గామి నుంచి లేచిన క్షిపణి లాంటి చుక్క. అప్పటి రష్యా అధ్యక్షుడు బోరిస్ యెల్త్సిన్ ముందు, అణుదాడికి ఆదేశం ఇచ్చే బ్రీఫ్‌కేసు తెరుచుకుంది. నిమిషాలు గడిచాక గాని అది రష్యా వైపు రావడం లేదని తేలలేదు. రాకెట్టు నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర సముద్రంలో పడిపోయింది. అవి రష్యా, పశ్చిమ దేశాలు స్నేహంగా ఉన్న రోజులు. ఇప్పుడున్న కోపతాపాల మధ్య అలాంటి చుక్క ఒకటి కనిపిస్తే? దారి ఎంత దగ్గరైతే ఆలోచించుకునే వ్యవధి అంత తక్కువ. గ్లోబు మీద ఆ దారాన్ని తలచుకుంటే నాకు నిద్ర పట్టని రాత్రులు ఉన్నాయి.

అందుకే నార్వే నుంచి నేర్చుకోమని మిమ్మల్ని కోరుతున్నాను. రష్యాతో 198 కిలోమీటర్ల సరిహద్దు ఉన్న దేశమది. 1949లో మీ కూటమిలో చేరేటప్పుడే, తమ మీద దాడి గాని, దాడి ముప్పు గాని లేనంత కాలం విదేశీ సైన్యాలకు స్థావరాలు ఇవ్వబోమని చెప్పింది. సరిహద్దుకు ఆనుకున్న ఫిన్‌మార్క్ ప్రాంతంలో మిత్రదేశాల విన్యాసాలకు దశాబ్దాల పాటు హద్దులు పెట్టుకుంది. ఈ మధ్య ఆ హద్దులు సడలుతున్నాయి. కారణాలు అర్థమవుతాయి, కానీ ఆ జాగ్రత్త వెనక ఉన్న బుద్ధిని పోగొట్టుకోకూడదు.

నార్వే, రష్యాల మధ్య ఈ ఉక్రెయిన్ యుద్ధ కాలంలో కూడా తెగని తాడు ఒకటి ఉంది, అది కాడ్ చేప. ఈ చేప నార్వే తీరంలో లొఫోటెన్ దీవుల దగ్గర గుడ్లు పెడుతుంది. ప్రవాహం పిల్లలను బారెంట్స్ సముద్రంలోకి మోసుకుపోతుంది, రష్యా జలాల్లోనూ అవి పెరుగుతాయి. పెద్దవయ్యాక మళ్లీ నార్వే తీరానికి వస్తాయి. ఒకరు పిల్లలను పట్టేస్తే ఇంకొకరికి తల్లులు మిగలవు. అందుకే 1970ల నుంచి రెండు దేశాల ఉమ్మడి మత్స్య సంఘం ఏటా కూర్చుని ఎంత పట్టాలో నిర్ణయిస్తోంది. ఉక్రెయిన్ తగలబడుతున్నా 2025కు 3,40,000 టన్నులని కలిసే తేల్చుకున్నారు. 2022 మార్చిలో మీలో ఏడు దేశాలు అప్పుడు రష్యా అధ్యక్షతలో ఉన్న, ఉత్తర ధ్రువ ప్రాంత దేశాల వేదికైన ఆర్కిటిక్ మండలిలో పని ఆపేశాయి. 2023లో ఉత్తర ఐరోపా సహకార వేదికైన బారెంట్స్ మండలి నుంచి రష్యా వెళ్లిపోయింది. మిగిలిన దారాలు చాలా కొద్ది. చేపల సంఘం, సరిహద్దు కాపలాదారుల ఫోను లైను, సముద్రంలో ప్రాణాలు కాపాడే గాలింపు ఏర్పాటు. వీటిని ఆంక్షల జాబితాల్లో కలిపి తెంపేయవద్దు. వీటిని కాపాడుకుంటే పుతిన్‌కు క్షమాపణ దొరికినట్టు కాదు.

ఉత్తరాది దేశాల్లో ఆదివాసులైన సామీ ప్రజలకు కూడా మీ సమావేశాల్లో మాట్లాడే చోటు ఉండాలి. రెండు మూడు దేశాల సరిహద్దుల మీదుగా రెయిన్‌డీర్ మందలను తోలుకుపోయే మనుషుల మేత భూముల మీదే మీ శీతాకాల విన్యాసాలు జరుగుతున్నాయి. ఈనే కాలంలో హెలికాప్టర్ మోతకు ఆడ రెయిన్‌డీర్ బెదిరిందంటే నష్టం ఆ కుటుంబానిదే.

మాకు ఇందులో వాటా లేదని కూడా అనలేరు. 1920 ఫిబ్రవరి 9న పారిస్‌లో జరిగిన స్వాల్‌బార్డ్ ఒప్పందంలో భారతదేశం పేరు ఉంది. అప్పుడు బ్రిటన్ మా తరఫున సంతకం చేసింది, మమ్మల్ని అడగకుండానే. ఆ ఒప్పందపు తొమ్మిదో అధికరణ ఆ దీవులను యుద్ధ అవసరాలకు వాడరాదని చెబుతుంది. అక్కడి నీ ఒలెసుండ్‌లో 2008 నుంచి మా హిమాద్రి పరిశోధనా కేంద్రం ఉంది. ధ్రువపు మంచు కరగడానికి, మా నైరుతి రుతుపవనాలకు ఉన్న సంబంధాన్ని మా శాస్త్రవేత్తలు అక్కడ వెతుకుతున్నారు. ఉత్తర ధ్రువ ప్రాంతం ప్రపంచ సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కుతోంది. ఆ కొలతలు సగం రష్యా తీరాన తీసుకోవలసినవి, ఇప్పుడు అవి సరిగా పంచుకోవడమే లేదు. వానను నమ్ముకుని విత్తనం వేసే మా రైతుకు అది దూరపు సంగతి కాదు.

కాబట్టి అయ్యా, అమ్మా, నేను అడిగేవి ఇవి. ఒక సభ్యదేశం మరో సభ్యదేశపు భూభాగాన్ని బలంతో గాని, సుంకాల ఒత్తిడితో గాని మార్చబోదని మండలి తరఫున ఒక తీర్మానం చేయండి. అమెరికా సంతకం దాని మీద ఉండాలి. దావోస్‌లో కుదిరిందన్న చట్రంలో ఏముందో గ్రీన్‌లాండ్ పార్లమెంటు ముందు పెట్టండి, వాళ్లు కాదన్నది కాదని ఒప్పుకోండి. కొత్త స్థావరం, కొత్త రాడారు ఏది కావాలన్నా, అందులో ఏం పెడతారో, పాడైతే ఎవరు శుభ్రం చేస్తారో పని మొదలుపెట్టక ముందే అక్కడి భాషలో అక్కడి మనుషులకు చెప్పండి. రష్యాతో ప్రమాదాలు తప్పించే ఫోను లైన్లను ఏ రాజకీయ కోపానికీ బలి చేయకండి.

ఆఖరుగా ఒక కోరిక. ఆ చట్రం మీద తుది మాట రాసుకునే ముందు మీలో కొందరు కానాక్ వెళ్లండి. మీ కార్యాలయం ఉన్న బ్రస్సెల్స్‌కు వాళ్లను పిలిపించడం కాదు, మీరే వెళ్లండి. అక్కడ 1953లో స్లెడ్జి బండి మీద కూర్చుని వచ్చిన పసివాళ్లు ఎవరైనా బతికి ఉంటే ఇప్పుడు డెబ్బై దాటి ఉంటారు. వాళ్ల ఇంట్లో కూర్చోండి. వాళ్ల మాట తెలిసిన దుబాసీని వెంట తీసుకెళ్లండి. వచ్చేటప్పుడు ఏం తెచ్చుకున్నారో, ఏం వదిలేశారో అడగండి. వాళ్లు చెప్పడం పూర్తయ్యే దాకా మీ పటాన్ని సంచిలోంచి తీయకండి.

ఇట్లు,
కృష్ణా జలాశయం అడుగున ఉన్న ఒక ఊరి మనిషి